తుమ్మకర్ర బిరడా

అబద్ధం చెప్పేటప్పుడు పోలరాజు రెప్పయినా ఆర్పలేదు. కాస్త తడబడినా, నీళ్ళు నమిలినా, లోపల ఇంకా మనిషన్నవాడు ఒకడు మిగిలున్నాడని చెప్పుకోవడానికి ఉండేది. అదేమీ లేదు. నోట్లో ముందే నానబెట్టి ఉంచుకున్నట్టు బయటికి ఊసేశాడు.

"ఇంతకీ ఈ బండి ఏం తోలి ఉంటదంటారు పోలరాజు గారూ?" అని చక్రి అడిగాడు.

"సిమెంటండీ. బ్యారేజీ కట్టేటప్పుడు."

"ప్రకాశం బ్యారేజీకా!"

"మనకి ఇంకే బ్యారేజీ ఉందండీ?"

ఆటోనగర్‌లో పోలరాజు షెడ్డు ముందు మిట్టమధ్యాహ్నపుటెండలో యాభయ్యారు మోడలు ఫార్గో లారీ నిలబడి ఉంది. ముందుకు సాగిన ముక్కు, మధ్యలో కడ్డీతో రెండు ముక్కలైన అద్దం, ఎవరో చెంపలు ఉబ్బించి నవ్వాపుకుంటున్నట్టు రెండు మడ్గార్డులు. ఆ రోజుల్లో కంపెనీ నుంచి చాసిస్, ఇంజను, ముందు ముక్కు మాత్రమే వచ్చేవి. వెనక క్యాబిన్ అంతా ఇక్కడి వడ్రంగులే టేకుతో కట్టేవాళ్ళు. అందుకే ఏ రెండు ఫార్గోలూ ఒక్కలా ఉండవు. ఇప్పటి కుర్రాళ్ళకి ఆ పేరు చెబితే ఏదో మందు బిళ్ళ పేరనుకుంటారు.

చక్రి ఆనందంతో లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. అతని తాత వెంకటప్పయ్య పామర్రు దగ్గర వరి పండించాడు. చక్రి గవర్నర్‌పేటలో రెండు లాడ్జీలు నడుపుతున్నాడు. పాత బండ్ల పిచ్చి. మూలన పడ్డవి ఎక్కడున్నా పట్టుకొస్తాడు. ఈ ఫార్గోని పామర్రు అవతల మూతపడ్డ బియ్యం మిల్లు వెనక, తుమ్మచెట్ల మధ్య కనిపెట్టాడు. కాగితాలు లేవు, నంబరు పలక లేదు. మిల్లువాళ్ళకి కూడా అది ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు.

"నాకు స్టోరీ కావాలండీ," అన్నాడు చక్రి. "స్టోరీ లేని బండి స్క్రాపే. ఇప్పుడు దొరికింది. బ్యారేజీ కట్టిన లారీ! మీరు అన్నీ గుర్తుపట్టేస్తారండీ. ఎట్టా తెలిసింది మీకు?"

"పలకల సందుల్లో సిమెంటు పొడి ఉందండీ," అన్నాడు పోలరాజు. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు కావాలి, ఎడ్లలాగా.

పక్కనే డబ్బాలో రంగు కలుపుతున్న పెయింటరు జక్కయ్య దగ్గాడు. పొగ తాగేవాడి దగ్గు కాదది.

చక్రి గన్నవరం రోడ్డులో పెద్ద షెడ్డు కడుతున్నాడు. తన పదకొండు బండ్లూ అక్కడ పెట్టి జనానికి చూపిస్తాడట. వాటికి ఒక పెద్ద మేస్త్రి కావాలి. ఈ ఫార్గో బాగా కుదిరితే ఆ పెద్ద మేస్త్రి పోలరాజే అని చక్రి మాటిచ్చాడు. పోలరాజుకి యాభై నాలుగు. ఇప్పటి లారీల క్యాబిన్లు కంపెనీలోనే తయారై వస్తున్నాయి. రేకుని సుత్తితో కొట్టి వంపు తెచ్చే టింకరు ఎవడికీ అక్కర్లేదు. ఆటోనగర్ అంతా అతన్ని మేస్త్రీ అనే పిలుస్తుంది గానీ పని మాత్రం ఎవరూ తేరు. ఇన్నాళ్ళకి ఒక్కడు వచ్చి 'గారూ' అన్నాడు. ఆ 'గారు' ముందు చేపల వాసన ఎలా తెచ్చి పెట్టడం?

ఎందుకంటే అది చేపల లారీ. దాన్ని తోలినవాడు పోలరాజు తండ్రి నాంచారయ్య.

*

లారీ షెడ్డుకి వచ్చిన రోజే పోలరాజుకి తెలిసిపోయింది. ట్రాలీ మీద నుంచి దించాక ఎడమ తలుపు రాలేదు. ఇద్దరు లాగారు, ఒకడు గడ్డపలుగు తెచ్చాడు. పోలరాజు వాళ్ళని పక్కకి నెట్టి, తలుపు కింద మోకాలు ఆనించి, పిడి కాస్త పైకెత్తి, తన వైపుకి ఒక్క గుంజు గుంజాడు. కిర్రుమని తెరుచుకుంది. తలకి తెలియకముందే చేతికి తెలిసింది. ఏడేళ్ళప్పటి నుంచి పదమూడేళ్ళదాకా ఆ తలుపు అలా తీసే బడికి వెళ్ళాడు.

అయినా నమ్మబుద్ధి కాలేదు. అన్ని ఫార్గోల తలుపులూ వాలిపోయేవే అనుకున్నాడు. కింద దూరి వెల్లకిలా పడుకుని టార్చి వేశాడు. వెనక కుడిమూల, చెక్కకి వేసిన కన్నంలో, తుమ్మకర్రతో చెక్కిన బిరడా కనిపించింది. పిడికిలంత ఉంటుంది. దాని మెడకి తారులో ముంచిన వలదారం చుట్టి ఉంది. ముడి చూశాడు. వల అల్లేటప్పుడు వేసే ముడి అది. మెకానిక్కులకు రాదు. బందరు గిలకలదిండి రేవులో పుట్టినవాడికి తప్ప ఆ ముడి రాదు.

కన్నం ఎందుకంటే ఐసు నీళ్ళకి. లారీ అడుగున జింకు రేకు పరిచి, చేపల గంపలు పేర్చి, పైన ఐసు కొట్టి పోసేవాళ్ళు. కరిగిన నీళ్ళు ఆ కన్నంలోంచి దారి పొడుగునా కారేవి. నాంచారయ్య తెల్లారి సరుకెత్తుకుని బెజవాడ బయల్దేరేవాడు. దారిలో బందరులో కొడుకుని బడి దగ్గర దించేవాడు. లారీ వెనక తడి గీత పడేది. ఆ గీత వెంట ఈగలు, ఈగల వెంట కుక్కలు. పోలరాజు దిగితే చాలు, గేటు దగ్గర పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్ళు.

"ఒరే, పులుసు వచ్చిందిరా! కంచాలు తెచ్చుకోండి!"

ఆ పేరు ఏడో తరగతిదాకా పోలేదు. ఐదో తరగతిలో ఉండగా ఒకరోజు ఇంటికొచ్చి తండ్రితో అన్నాడు, "నన్ను బడి దగ్గర దించమాక. నీ బండి కంపు. నువ్వు కూడా."

నాంచారయ్య తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఆదివారం గుమ్మంలో కూర్చుని తుమ్మకర్ర ముక్క తీసుకుని చాకుతో చెక్కుతూ ఉన్నాడు. ఏంటని కూడా పోలరాజు అడగలేదు. సోమవారం నుంచి లారీ వెనక చుక్క పడలేదు. బందరు దాటి, పామర్రు రాకముందు కాలవ గట్టున బండి ఆపి, బిరడా లాగి, నీళ్ళన్నీ అక్కడ వదిలి మళ్ళీ బయల్దేరేవాడట. పిల్లలు మాత్రం పులుసు అనడం మానలేదు. పేరు ఒకసారి అంటుకుంటే బిరడాలకి ఆగుతుందా?

ఆ తర్వాత రెండేళ్ళకి లారీ యజమాని సాహుకారు, నాంచారయ్యని బండి దింపేశాడు. తాగి తోలుతున్నాడని ఊళ్ళో అనుకున్నారు. నాంచారయ్య కాదనలేదు. పోలరాజు చదువు అక్కడితో ఆగింది. ఆటోనగర్‌లో డేనియల్ మేస్త్రి దగ్గర చేరి సుత్తి పట్టుకున్నాడు. ఆ కోపం తండ్రి మీద చివరిదాకా పోలేదు. పెళ్ళయ్యాక ఒకసారి, మంచంలో ఉన్న మనిషి ముఖం మీదే అన్నాడు కూడా. "నువ్వు సరిగ్గా ఉంటే నేను ఈ సుత్తి పట్టేవాణ్ణా?" నాంచారయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మూడు నెలలకి పోయాడు.

ఇప్పుడు ఆ బిరడా చూసి పోలరాజు ఏం చేశాడు? కళ్ళకి అద్దుకున్నాడా? సుత్తి తీసుకుని ఇంకో నాలుగు దెబ్బలు కొట్టి బిగించాడు. పైన లప్పం పూసి నల్లరంగు వేశాడు. జింకు రేకు పీకితే అడుగు చెక్క కూడా ఊడొస్తుందని దాన్ని అలాగే ఉంచి, పైన కొత్త టేకు పలకలు పరిచి మేకులు దిగ్గొట్టాడు. నాంచారయ్యని ఇంకోసారి పూడ్చినట్టే.

"ఏం మేస్త్రీ," అన్నాడు జక్కయ్య, చక్రి కారు వెళ్ళిపోయాక. "సిమెంటు లారీకి అడుగున జింకు రేకెందుకయ్యా? బస్తాలకి చెమట పడుతుందనా?"

"నీ బ్రష్షు సంగతి నువ్వు చూసుకో."

"చూసుకుంటాలే. నాదేం పోయింది? నువ్వు సిమెంటు అంటే సిమెంటు అని రాస్తా. ముత్యాలు తోలిందంటే ముత్యాలని రాస్తా." బ్రష్షు గుడ్డకి తుడుచుకుంటూ మళ్ళీ అన్నాడు, "మా నాన్న రిక్షా తొక్కాడు మేస్త్రీ. గవర్నర్‌పేటలో. నేనెవరికీ చెప్పను. అయితే విమానం నడిపాడని కూడా చెప్పలా."

పోలరాజు ఆ రోజు అతనితో టీ తాగలేదు.

*

గుణదలలో కొండ కింది వీధిలో రెండు గదుల పోర్షను పోలరాజుది. భార్య సుధామణి, తల్లి పేరమ్మ. పేరమ్మకి ఎనభై దగ్గర పడింది. నడుం వంగింది గానీ నోరు వంగలేదు. వయసులో ఉన్నప్పుడు గంపల మధ్యన కాదు, ఆ లారీ ఎడమ సీట్లో కూర్చుని బెజవాడ మార్కెట్టుకి వెళ్ళేది. సరుకు దింపించి, లెక్క సరిచూసి, సాయంత్రానికి మొగుడితో కలిసి తిరిగొచ్చేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర సుధామణి సంబరంగా చెప్పింది. "అత్తా, ఆదివారం మీ అబ్బాయికి శాలువా కప్పుతారంట. పున్నమి ఘాట్ దగ్గర పాత బండ్ల పండగంట. మనల్ని కూడా రమ్మన్నారు."

"శాలువా కప్పేంత బండి ఏందిరా అది?" అంది పేరమ్మ.

"ఏదో పాత లారీలేమ్మా."

"ఫార్గోనా?"

మంచినీళ్ళు తాగాడు. "కాదు. డాడ్జి."

"రెండూ ఒకటేగా. బొంబాయిలో ఒక్క చోటే కట్టి, మూతి మీద పేరు మార్చి అమ్ముతారని మీ నాన్న చెప్పేవాడు." ఆమెకి అక్షరం ముక్క రాదు. కానీ అందులో తప్పేమీ లేదు. డాడ్జి, ఫార్గో, డిసోటో, మూడూ ఒకే కార్ఖానా బిడ్డలే. "ఏం తోలేదంట?"

"సిమెంటు."

పేరమ్మ ఒక్క క్షణం కొడుకు ముఖంలోకి చూసి, పళ్ళెంలోకి చూసుకుంది. "నేనూ వస్తా."

"ఎండమ్మా. నీ మోకాళ్ళు..."

"మోకాళ్ళు నాయి. ఎండ అందరిదీ. వస్తా."

మర్నాడు పనికి వెళ్తూ సుధామణిని వీధి మలుపుదాకా పిలిచి చెప్పాడు, అమ్మని తీసుకురావద్దని, ఒంట్లో బాగాలేదని చెప్పమని. సుధామణి చీరకొంగు సవరించుకుని, "కన్నతల్లి చూడకూడని శాలువా ఏంటండీ?" అంది. జవాబు చెప్పాల్సి వస్తుందని పోలరాజు గబగబా బండి ఎక్కేశాడు.

*

ఆదివారం పొద్దున తొమ్మిదింటికే ఎండ చురచురలాడుతోంది. కృష్ణ ఒడ్డున మైదానంలో ఎర్ర తివాచీ పరిచి బండ్లు వరసగా నిలబెట్టారు. తలుపులకి చెక్క పట్టీలున్న స్టాండర్డ్, కప్ప మూతిలాంటి ల్యాండ్‌మాస్టర్, మూడు చక్రాల మీద నడిచే బాదల్ అనే కారు. ఆ కారు చూసి ఒకాయన, "ఇదేంటండీ, నాలుగో చక్రం తాకట్టు పెట్టారా?" అన్నాడు. అందరూ నవ్వారు. దూరంగా నీళ్ళ మీద బ్యారేజీ గీత కనిపిస్తోంది. దానికి ఎదురుగా, వరస మొదట్లో ఫార్గో. పాలపిట్ట రంగు క్యాబిను, బంగారు గీతలు, బానెట్టు మీద పూలదండ. పక్కన జక్కయ్య అక్షరాల్లో పెద్ద బోర్డు: 'ప్రకాశం బ్యారేజీ నిర్మాణానికి సిమెంటు మోసిన లారీ.'

జక్కయ్య బోర్డు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తను రాసిన అబద్ధాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు.

చక్రి మనుషులు ఆటోలో ఐసు దిమ్మలు తెచ్చారు. వచ్చినవాళ్ళకి మజ్జిగ పొట్లాలు, నీళ్ళ సీసాలు చల్లగా ఉండాలి. పెట్టడానికి డ్రమ్ములు చాల్లేదు.

"లారీలో వేసెయ్యండి," అన్నాడు చక్రి.

పోలరాజు ఒక్క పరుగున వచ్చాడు. "అందులో వద్దండీ. కొత్త పలకలు తడుస్తాయి."

"టేకేగా పోలరాజు గారూ, ఏమైద్ది? లారీ అన్నాక సరుకు మొయ్యాలండీ. డెబ్భై ఏళ్ళ బండి మళ్ళీ లోడెత్తింది, ఫొటో అదిరిపోద్ది!"

ఆరు దిమ్మలు దభీమని లోపల పడ్డాయి. ఆ చప్పుడు పోలరాజు వెన్నులో పడింది. చిన్నప్పుడు తెల్లవారుజామున నిద్ర లేపిన చప్పుడే అది.

పదిన్నరకి చక్రి పంపిన కారులో సుధామణి, పేరమ్మ దిగారు. పేరమ్మ పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుంది, చెప్పుల్లేవు. కారు దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఫార్గో వైపు చూసింది. రంగు మారింది, దండ పడింది, బోర్డు వెలిసింది. అయినా ఆ నడక ఇంకెక్కడికీ పోలేదు, తిన్నగా లారీ దగ్గరికే వచ్చింది.

అప్పుడు చక్రి ఎడమ తలుపుతో కుస్తీ పడుతున్నాడు. ఎవరో ఫొటోకి లోపల కూర్చుంటామన్నారు. అన్నీ సరిచేసిన పోలరాజు ఆ తలుపుని మాత్రం సరిచెయ్యలేదు. ఒరిజినల్ అండీ, అనేవాడు. నిజానికి రెండుసార్లు ఆకురాయి చేతికి తీసుకున్నాడు, రెండుసార్లూ కింద పెట్టేశాడు.

"జరుగు బాబూ," అంది పేరమ్మ.

తలుపు కింద మోకాలు ఆనించింది. పిడి పైకెత్తింది. తన వైపుకి ఒక్క గుంజు. కిర్రుమని తెరుచుకుంది.

చక్రి నోరు తెరిచాడు. "అమ్మగారూ! పొద్దున్నించీ నలుగురం చస్తన్నాం. మీకెట్టా తెలుసండీ? ఈ లారీ మీరు ఇంతకుముందు చూశారా?"

ఆమె జవాబు చెప్పబోయి, చక్రి భుజం మీదుగా కొడుకుని చూసింది. పోలరాజు అక్కడే ఉన్నాడు. అతని ముఖం ఎలా ఉందో అతనికి తెలియదు. తల్లికి మాత్రం తెలిసింది. గేటు దగ్గర ఏడేళ్ళ పిల్లాడు లారీ దిగి, వెనక్కి చూడకుండా పరిగెత్తేటప్పుడు ఉండే ముఖమే అది.

"నేనెక్కడ చూశాను బాబూ," అంది పేరమ్మ. "పాత లారీల తలుపులన్నీ ఇంతే. మేం చేపలోళ్ళం. సిమెంటు లారీలతో మాకేం పని?"

తలుపు మీది నుంచి చెయ్యి తీసి, ఆ చేతిని చీరకి తుడుచుకుంది. ఎవరిదో వస్తువు ముట్టుకున్నట్టు.

పోలరాజుకి భూమి చీలితే బాగుండుననిపించింది. తను ఎన్ని అబద్ధాలాడినా ఆమె వచ్చి బయటపెడుతుందని భయపడ్డాడు. ఇన్ని రోజులూ ఆ భయంతోనే సరిగ్గా నిద్రపోలేదు. ఆమె తన అబద్ధాన్ని కొంగున కట్టుకుని మోస్తుందని అనుకోలేదు. నలభై ఏళ్ళు కాపరం చేసిన మనిషిని, అతని సీటు పక్కనే నిలబడి, ఎరగనంది. ఎవరికోసం?

*

పదకొండున్నరకి వాసన మొదలైంది.

ముందు సన్నగా, అనుమానంగా. తర్వాత తెలిసేలా. ఐసు కరిగి కొత్త పలకల సందుల్లోంచి కిందికి జారింది. కింద జింకు రేకు, రేకు పగుళ్ళ కింద ఏళ్ళ తరబడి చేపల నీళ్ళు తాగి ఎండిన పాత చెక్క. బిరడా బిగించి ఉంది, దారి లేదు. చెక్క నాని, నిద్ర లేచింది. మజ్జిగ పొట్లం తీసుకున్న ఒకావిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి కింద పడేసింది.

"ఎలక చచ్చిందేమోనండీ," అన్నాడొకడు.

"ఎలక కాదు, కొరమేను!" అన్నాడు ఇంకొకడు. "బ్యారేజీకి సిమెంటుతో పాటు పులుసు కూడా పోశారేంటి?"

పులుసు. నలభై ఏళ్ళ తర్వాత ఆ మాట వచ్చి సరిగ్గా అదే చోట తగిలింది. జనం నవ్వారు. చక్రి ముఖం చిట్లించి, అగరొత్తులు వెలిగించమని ఎవరినో పురమాయించాడు.

పేరమ్మ లారీ వెనక నీడలో నిలబడి ఉంది. పోలరాజు తేలు కుట్టిన దొంగలా ఆమె పక్కకి చేరాడు. ఆమె అతని వైపు చూడకుండానే అడిగింది, "బిరడా ఇంకా ఉందా?"

"ఉంది."

"బిగించావా?"

పోలరాజు లారీ అడుగువైపు చూశాడు.

"అదే మరి. బిగిస్తే ఇంతే. అప్పుడూ ఇట్టాగే కంపు లేచేది. నీళ్ళు నిలబడి అడుగు గంపలు నానిపోయేయి. మార్కెట్టులో ఆ చేప ఎవుడూ ముట్టుకునేవాడు కాదు. సాహుకారు రోజూ బూతులు. బిరడా పీకి కాలవలో పారెయ్యరా అనేవాడు. మీ నాన్న ససేమిరా అన్నాడు. బడి దాటి, ఊరు దాటిందాకా తియ్యనంటే తియ్యనన్నాడు. రెండేళ్ళు చూసి దింపేశాడు."

"తాగి తోలుతున్నాడనేగా దింపింది?"

పేరమ్మ ఇప్పుడు అతని వైపు తిరిగింది. "ఎవురు చెప్పారు నీకు? మీ నాన్నకి చుక్క తెలవదు. ఆ మాట సాహుకారు పుట్టించింది. ఈయన కాదనలా. కాదంటే మరి ఎందుకు దింపారో చెప్పాలిగా. నువ్వు వింటావుగా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. మార్కెట్టులో చేప బరువు చెప్పినట్టు చెప్పింది. నువ్వు సరిగ్గా ఉంటే నేను ఈ సుత్తి పట్టేవాణ్ణా? గోడ వైపు తిరిగిన వీపు కళ్ళ ముందు నిలబడింది. ఆ వీపు ఆ రోజు చెప్పగలిగి చెప్పనిది ఇదా?

"మరి నువ్వెందుకు చెప్పలేదమ్మా, ఇన్నాళ్ళు?"

"ఆయన చెప్పొద్దన్నాడు. ఇయ్యాల నువ్వు సిమెంటు అన్నావు, నేనూ సిమెంటే అన్నా. మీ తండ్రీ కొడుకులు ఏది మూయమంటే అది మూస్తన్నా నేను. ఎంతకాలం మూసేది?"

మైకులో గొంతు వినిపించింది. "మరుగున పడిన ఒక మహత్తర లారీకి ప్రాణం పోసిన మేస్త్రి శ్రీ పోలరాజు గారిని వేదిక మీదకి..." చప్పట్లు. చక్రి శాలువా విప్పి పట్టుకుని లారీ దగ్గరికే వచ్చేస్తున్నాడు, ఫొటోలో లారీ కూడా పడాలని. "రండి పోలరాజు గారూ! ఎక్కడున్నారండీ?"

పోలరాజు సుధామణి ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కాతో అలాగే వెల్లకిలా పడుకుని లారీ కిందికి దూరాడు. కుడిమూల. నల్లరంగు కింద తను పూసిన లప్పం గోటితో గీకాడు. గోరు విరిగింది. జేబులో తాళంచెవితో పొడిచాడు, లప్పం పెచ్చులుగా కళ్ళలో రాలింది. బిరడా తల బయటపడింది. బొటనవేలు పట్టుకోవడానికి ఒక గుంట ఉంది దానికి, నాంచారయ్య తన వేలికి చెక్కుకున్నది. పోలరాజు వేలు అందులో సరిగ్గా కూర్చుంది. అటూ ఇటూ ఊపాడు. రాలేదు. నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టింది తనేగా. పళ్ళు బిగించి మెలిపెట్టి లాగాడు.

ఒక్కసారిగా వచ్చింది. నల్లటి చల్లటి నీళ్ళు, ముఖం మీద, నోట్లో, తెల్లచొక్కా మీద. బందరు రేవు, గంపలు, ఈగలు, బడి గేటు, అన్నీ ఆ వాసనలో ఉన్నాయి. నీళ్ళు ఎర్ర తివాచీ మీదికి పాకాయి.

కింద నుంచి అతనికి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. చాలా కాళ్ళు వెనక్కి జరిగాయి. చక్రి తెల్లబూట్లు రెండడుగులు వెనక్కి వేసి ఆగాయి. శాలువా అంచు ఒకటి వేలాడుతోంది. జక్కయ్య అరిగిన చెప్పులు మాత్రం ముందుకు వచ్చి, బోర్డు పక్కన నిలబడ్డాయి.

"ఏంటండీ ఇది, పోలరాజు గారూ?" చక్రి గొంతు. కోపమో, అయోమయమో తెలియలేదు.

"చేపల లారీ అండీ," అన్నాడు పోలరాజు కింద నుంచే. నోట్లో నీళ్ళు ఉమ్మి మళ్ళీ అన్నాడు, "సిమెంటు తోలలేదండీ. నేను చెప్పింది అబద్ధం. బందరు నుంచి చేపలు తోలేది. మా నాన్న తోలేవాడు. నాంచారయ్య." ఆ పేరు గట్టిగా పలికి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

మైకు గుర్రుమంటోంది. చక్రి బూట్లు కదల్లేదు, ముందుకీ రాలేదు. గన్నవరం షెడ్డు పోయిందో ఉందో తెలియదు. బయటికి వెళితే తెలుస్తుంది. బయటికి వెళ్ళాలంటే అందరి ముఖాలూ చూడాలి, ముఖ్యంగా ఒకరి ముఖం. అందుకే లేవలేకపోయాడు. బిరడా పిడికిట్లో పట్టుకుని, కారుతున్న ధార కింద అలాగే పడుకున్నాడు. జనం చూస్తున్నారంటే దాచేసే పాత అలవాటు మళ్ళీ చేతిలోకి వచ్చింది. తెలియకుండానే బిరడాని కన్నం దగ్గరికి తీసుకెళ్ళాడు.

రెండు కాళ్ళు మాత్రం వెనక్కి జరగలేదు. చెప్పుల్లేని, పగుళ్ళు తేలిన మడమలు, ఆ నీళ్ళ మధ్యలోనే నిలబడి ఉన్నాయి. అవి మెల్లగా వంగాయి. పేరమ్మ ముఖం లారీ అంచు కింద కనిపించింది.

"మొత్తం పోనీరా," అంది. "సగంలో మూయమాక."